రాత్రి టోర్నమెంట్‌లో బాస్ చేప తూకం దాకా బతకాలంటే

డాలస్ చుట్టుపక్కల లేక్‌లలో ఎండాకాలం బాస్ అనే మంచినీటి చేపల్ని పట్టే టోర్నమెంట్లు రాత్రిపూట పెడుతుంటారు. చీకటి పడితే మనకు హాయిగా ఉంటుంది కానీ, నీళ్లు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటాయి. పదింటికి పట్టిన చేప తెల్లవారుజామున తూకం వేళకి లైవ్‌వెల్‌లో (పట్టిన చేపల్ని బతికుంచడానికి పడవలో ఉండే నీళ్ల తొట్టి) వెల్లకిలా తేలుతుంది. చచ్చిన చేపకి తూకంలో కోత పడుతుంది. దానికంటే, నీళ్లలోకి తిరిగి వదలాల్సిన చేప అలా పోతే ప్రాణం ఉసూరుమంటుంది.

నేను చేసేది ఇదీ. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు నాలుగు కడిగి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి నీళ్లు నింపి, ముందురోజే ఫ్రీజర్‌లో పెడతాను. నిండా నింపితే పగులుతాయి. 30 గ్యాలన్ల లైవ్‌వెల్‌లో రెండు సీసాలు మూతతోనే వేసి, పంపును రీసర్క్యులేట్‌లో, అంటే తొట్టిలో ఉన్న నీళ్లనే తిప్పేలా, పెడతాను. లేదంటే లేక్‌లోని వేడినీళ్లు వస్తూనే ఉంటాయి. నీళ్లు ఐదారు డిగ్రీలు తగ్గుతాయి. కరిగాక మిగతా రెండూ వేస్తాను. రెండు మూడు గంటలకోసారి సగం నీళ్లు మార్చాలి, చేపల మలినం పేరుకుంటుంది కదా.

విడి ఐసు మాత్రం పొయ్యకండి, కుళాయి నీళ్లదైతే అందులో క్లోరిన్ ఉంటుంది. చవకరకం థర్మామీటరైనా సరే, ఒకటి దగ్గరుంచుకోండి. లేక్ నీళ్లకంటే పది డిగ్రీలకు మించి చల్లబరిస్తే, వదిలేటప్పుడు ఆ తేడానే చేప తట్టుకోలేదు.