ప్లేయర్ మాట వినడం లేదా? ఫుట్‌బాల్ గేమ్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

పర్లాకిమిడిలో మా రిపేరు కొట్టుకి సెలవుల్లో కుర్రాళ్లు వస్తారు. ఊళ్లోవాళ్లయినా, పాతపట్నం నుంచి బండి మీద వచ్చేవాళ్లయినా, లాప్‌టాప్ బల్ల మీద పెట్టి అనే మాట ఒకటే: "అన్నా, గేమ్ పాడైపోనాది. ప్లేయర్ మాట ఇనట్లేదు." నిజంగా గేమ్ ఫైల్ పాడైన కేసు అరుదు. చాలాసార్లు టీవీయో, రిమోటో (ఆట ఆడే కంట్రోలర్), నెట్టో ఆలస్యం చేస్తుంటుంది. లేదంటే గేమే కావాలని ఆలస్యం చేస్తుంటుంది. ఏటా "ఇంకా రియల్‌గా చేశాం" అంటూ కంపెనీ ఒక కొత్త ఫీచరు పెడుతుంది. రియల్‌గా చేయడమంటే, బటన్ నొక్కగానే గిర్రున తిరిగే బొమ్మని బరువున్న మనిషిగా మార్చడం. మనిషి అయ్యాక మాట వినడానికి టైమ్ పడుతుంది కదా. ఈ తేడా పట్టుకోకుండా సెట్టింగులు కెలికితే బాగున్నది కూడా పాడవుతుంది.

ఇక్కడ రాసేది ఎక్కువగా ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ) వాళ్ల ఫుట్‌బాల్ ఆట గురించి. ఫిఫా 23తో ఆ పేరు ఆగిపోయింది. 2023 సెప్టెంబర్ 29న వచ్చిన ఆట (ఎఫ్‌సి 24) నుంచి పేరు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సి. కుర్రాళ్లు ఇప్పటికీ ఫిఫా అనే అంటారు.

ముందు మెనూ పరీక్ష

ఏ కంప్లయింట్ వచ్చినా నేను మొదట చేసేది ఇదే. ఆఫ్‌లైన్ మ్యాచ్ పెట్టి, మధ్యలో పాజ్ నొక్కి, మెనూలో పైకీ కిందికీ చకచకా కదపండి. మెనూ కూడా బద్ధకంగా కదిలితే తప్పు టీవీదో, రిమోట్‌దో, మెషీన్‌దో. మెనూ చురుగ్గా ఉండి ప్లేయర్ మాత్రమే బద్ధకిస్తే అది ఆట స్వభావం. ఆఫ్‌లైన్‌లో రెండూ బాగుండి ఆన్‌లైన్‌లో మాత్రమే తేడా వస్తే నెట్. కింద రాసిందంతా ఈ పరీక్ష మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి దీన్ని దాటేయకండి.

"బటన్ నొక్కిన కాసేపటికి పాస్ ఇస్తున్నాడు"

మెనూ కూడా బద్ధకంగా ఉంటే టీవీతో మొదలుపెట్టండి. బొమ్మని నునుపు చేయడానికి టీవీ ప్రతి ఫ్రేమునీ కాసేపు పట్టుకుని పంపుతుంది. సీరియల్ చూసేటప్పుడు అది తెలియదు, ఆటలో తెలుస్తుంది. పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. రిమోట్‌ని బ్లూటూత్ మీద వాడుతుంటే ఒకసారి వైరు పెట్టి చూడండి. కంప్యూటర్‌లో వీ-సింక్ (ఫ్రేములని స్క్రీన్ వేగానికి కట్టిపెట్టే సెట్టింగు) కూడా కొంత ఆలస్యం కలుపుతుంది. అది ఆపి, ఫ్రేములను సెకనుకి 60 దగ్గర కట్టేస్తే సరిపోతుంది.

తక్కువ ధర యూఎస్‌బీ రిమోట్లతో ఇంకో తంటా ఉంది. చాలావాటికి మధ్యలో 'అనలాగ్' అనే చిన్న బటన్, పక్కన ఎర్ర లైటు ఉంటాయి. ఆట వేడిలో బొటనవేలు తగిలి ఆ లైటు ఆరిపోతుంది. అప్పటి నుంచి ఎడమ స్టిక్ కాస్తా బాణం గుర్తుల బటన్లలా పనిచేస్తుంది. ప్లేయర్ ఎనిమిది దిక్కుల్లోనే, మరబొమ్మలా తిరుగుతాడు. "కొత్త అప్‌డేట్ పాడుచేసింది" అంటూ వచ్చేవాళ్లలో ఈ బాపతు చాలామంది. బటన్ నొక్కి లైటు వెలిగిస్తే అయిపోయింది. ప్లేయర్ తనంతట తానే ఒక పక్కకి నడుస్తుంటే అది స్టిక్ డ్రిఫ్ట్. విండోస్ గేమ్ కంట్రోలర్ల పేజీ తెరిచి, చేయి తీసేశాక కూడా గుర్తు మధ్యలో నిలవకపోతే స్టిక్ అరిగినట్టే. డెడ్‌జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా పట్టించుకోకూడదో చెప్పే సెట్టింగు) పెంచి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, ఆ తర్వాత స్టిక్ మార్చాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి: మెనూ చురుగ్గానే ఉంది, ప్లేయరే బద్ధకం. ఫిఫా 22లో హైపర్‌మోషన్ వచ్చింది. 22 మంది ప్రొఫెషనల్ ఆటగాళ్లకి సెన్సార్ల సూట్లు తొడిగి, పూర్తి స్థాయి మ్యాచ్ ఆడించి, వాళ్ల కదలికల నుంచి యానిమేషన్లు తయారుచేశారు. ఎఫ్‌సి 24కి వచ్చేసరికి 180కి పైగా నిజం మ్యాచ్‌ల డేటా వాడారు. అందుకే గోల్ వైపు వీపు పెట్టి నిలబడ్డవాడు వెనక్కి పాస్ ఇవ్వాలంటే ముందు అడుగు మార్చుకుంటాడు. బంతి వాడుక లేని కాలి దగ్గర ఉంటే మరో అడుగు. ఆ రెండు అడుగులే మీకు 'ల్యాగ్' అనిపిస్తాయి. కంగారులో మీరు రెండోసారి నొక్కింది కూడా గేమ్ గుర్తుపెట్టుకుని, మొదటి పని కాగానే దాన్నీ చేసేస్తుంది. మీరు అడగని పాస్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దీనికి మందు సెట్టింగుల్లో లేదు. బంతి రాకముందే ఎటు తిరగాలో స్టిక్‌తో చెప్పండి, బటన్ ఒక్కసారే నొక్కండి, పరుగు బటన్ వదిలి బంతి అందుకోండి.

"పొడుగాటి డిఫెండర్ నా వింగర్‌ని ఎలా పట్టుకున్నాడన్నా?" అనేదీ ఈ కోవలోదే. ఫిఫా 23లో పరుగు మొదలుపెట్టే తీరుని మూడు రకాలు చేశారు. కొందరు మొదటి రెండు అడుగుల్లోనే దూసుకుపోతారు. డిఫెండర్ వాన్ డైక్ లాంటి పొడుగాటివాళ్లు నెమ్మదిగా మొదలై దూరం పెరిగేకొద్దీ అందుకుంటారు. అలాంటివాడిని పొడవాటి పరుగుపందెంలోకి దింపకండి. ఆగి, మళ్లీ కదిలి దాటండి.

"మొదటి హాఫ్ బానే ఉంది, తర్వాత అందరూ ఈడుస్తున్నారు"

రెండు కారణాలుంటాయి, పైకి ఒకేలా కనిపిస్తాయి. ఒకటి స్టామినా. మొదటి నిమిషం నుంచి పరుగు బటన్ పట్టుకునే ఉంటే, డిఫెన్స్‌లో అందరినీ ముందుకి తోలి ప్రెస్ చేయిస్తే, 60వ నిమిషానికి కాళ్లు ఆడవు. రెండోది లాప్‌టాప్ వేడి. మే నెలలో మా వైపు గదిలో ఫ్యాన్ గాలే వేడిగా ఉంటుంది. చిప్ వేడెక్కగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

తేడా ఇలా పట్టుకోండి. రీప్లే చూడండి. అది సాఫీగా నడుస్తూ, అవతలి టీమ్ కొత్త సబ్‌స్టిట్యూట్ మాత్రం మీవాళ్లని దాటిపోతుంటే స్టామినా. ప్రేక్షకులు, రెఫరీ, రీప్లే కూడా జర్కులిస్తే వేడి. మొదటిదానికి ముగ్గురు తాజా ఆటగాళ్లని దించండి, ప్రెస్ తగ్గించండి. రెండోదానికి లాప్‌టాప్‌ని పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి, వెనక జాలీలో పేరుకున్న దుమ్ము తీయించండి. చాలాకాలంగా తెరవని మెషీన్ అయితే థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి పంపే ముద్ద) కూడా మార్పించాలి.

"ఆట బావుంది, గోల్ కొట్టాక సంబరాల్లో మాత్రం ఆగిపోతోంది"

జుట్టు. నవ్వకండి, నిజంగా జుట్టే. కంప్యూటర్ వెర్షన్‌లో స్ట్రాండ్ హెయిర్ అనే ఆప్షన్ ఉంది. అది వెంట్రుకలను విడివిడి పోగులుగా గీస్తుంది. దూరం కెమెరాలో దాని బరువు తెలియదు. కెమెరా ముఖం దగ్గరికి వచ్చిందో, చిన్న గ్రాఫిక్స్ కార్డు చేతులెత్తేస్తుంది. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో అది ఆపేయండి. ఆటలో మీరు పోగొట్టుకునేదేమీ లేదు.

మొత్తం ఆటే ఆగి ఆగి నడుస్తుంటే వేరే సంగతి. ఎఫ్‌సి 24కే కనీసం 8 జీబీ ర్యామ్, 4 జీబీ ఉన్న జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, 100 జీబీ చోటు అడిగారు. అవి ఉన్నా ఆగుతుంటే విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఆటకి పెద్ద కార్డే కేటాయించి ఉందో లేదో చూడండి. ఒకే ర్యామ్ ముక్క ఉంటే రెండోది వేయించండి, పాత హార్డ్‌డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మార్చండి. కొత్త కార్డు కొనడం కన్నా ఇవి చవక.

"ప్రతి మ్యాచ్ 7-6, ఇదేం ఫుట్‌బాల్?"

రియలిజం కావాలనేవాళ్ల అసలు బాధ ఇది. వీళ్లకి నా జవాబు: ఆన్‌లైన్ పోటీ కోసం కంపెనీ పెట్టిన వేగంతో మీరు ఇంట్లో కెరీర్ (సీజన్ల తరబడి ఒక్కరే ఆడే మోడ్) ఆడుతున్నారు. ఎఫ్‌సి 26లో దీన్ని కంపెనీయే ఒప్పుకుని ఆటని రెండు ముక్కలు చేసింది. ఆన్‌లైన్‌కి కాంపిటీటివ్, కెరీర్ లాంటివాటికి ఆథెంటిక్. ఆ ఎడిషన్ ఉంటే ఆథెంటిక్ పెట్టుకోండి.

పాత ఎడిషన్లలో స్లైడర్లే (ఆట తీరుని అంకెలతో సర్దే మీటలే) గతి. అన్నీ 50 దగ్గర మొదలవుతాయి. యూజర్‌కి (మీ టీమ్‌కి) ఒక వరుస, సీపీయూకి (కంప్యూటర్ ఆడే టీమ్‌కి) ఒక వరుస. నా పద్ధతి: గేమ్ స్పీడ్ స్లో, హాఫ్ 10 నిమిషాలు, రెండు వైపులా పాస్ ఎర్రర్ 55 నుంచి 60 మధ్య, స్ప్రింట్ రెండు మూడు అంకెలు తక్కువ. లెజెండరీ అనే కష్టమైన లెవెల్‌లో సీపీయూ గోలీ నుంచి స్ట్రైకర్ దాకా ఒక్క పాసూ తప్పకుండా ఆడేస్తుందని చాలామంది విసుక్కుంటారు. సీపీయూ పాస్ ఎర్రర్ పెంచితే అది కూడా తడబడుతుంది. ఒకసారికి ఒక్క స్లైడరే కదపండి, కొన్ని మ్యాచ్‌లు ఆడి చూసి రెండోది ముట్టుకోండి. అన్నీ ఒకేసారి మార్చి "ఏదో తేడాగా ఉంది" అంటే నేనైనా ఏం చెప్పగలను? ఈ స్లైడర్లు ఆన్‌లైన్‌లో పనిచేయవు.

పాస్ అసిస్ట్ (మీ పాస్‌ని గేమే సరిచేసే సాయం) కూడా సెమీకి, అంటే సగం సాయానికి, మార్చి చూడండి. మొదట్లో చిరాకు వేస్తుంది కానీ ఆట రియల్‌గా అనిపించడానికి నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే.

"రైట్‌బ్యాక్ పొజిషన్ వదిలి మధ్యలో తిరుగుతున్నాడు"

బగ్ కాదు. ఎఫ్‌సి 25లో ఎఫ్‌సి ఐక్యూ పేరుతో ప్రతి ఆటగాడికీ రోల్ ఇచ్చారు. ఫుల్‌బ్యాక్‌కి ఫాల్స్‌బ్యాక్ రోల్ ఉంటే, నేటి పెద్ద క్లబ్బుల్లో లాగే వాడు మిడ్‌ఫీల్డ్‌లోకి జరుగుతాడు. మీకు కావాల్సింది పాతకాలం డిఫెండర్ అయితే టాక్టిక్స్‌లోకి వెళ్లి రోల్ మార్చండి. ఆ రోల్ పక్కన ప్లస్ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. అలవాటు లేని రోల్ ఇస్తే వాడు ఆ పనిని సరిగ్గా చేయడు.

"మన ఒడిశా ఎఫ్‌సి వాళ్ల ముఖాలు ఎవరివో"

ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫిఫా 22లో చేరింది. 2023లో సూపర్ కప్ గెలిచిన మన క్లబ్బుతో ఆడదామని బరంపురం నుంచి వచ్చిన కుర్రాడు కూడా మొదట ముఖాలే చూస్తాడు. అచ్చు గుద్దిన ముఖాలు పెద్ద లీగుల ఆటగాళ్లకి ఎందుకు ఉంటాయంటే, వాళ్లని కెమెరాల మధ్య కూర్చోబెట్టి స్కాన్ చేస్తారు. మనవాళ్లకి సాదా ముఖాలే తగిలించారు. కళింగ స్టేడియం కూడా లేదు, ఏదో పేరులేని స్టేడియంలో ఆడాలి. స్కాన్ లేని ఆటగాళ్ల జుట్టు, గడ్డం, బూట్లు ఎడిట్ ప్లేయర్‌లో మార్చుకోవచ్చు. అంతకు మించి కావాలంటే కంప్యూటర్‌లో మాడ్‌లు (బయటివాళ్లు చేసిన మార్పు ఫైళ్లు) ఉన్నాయి. వాటిని ఆఫ్‌లైన్‌లోనే వాడండి, ఆన్‌లైన్‌కి వెళ్తే అకౌంట్ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. ఊరూపేరూ లేని సైట్ల నుంచి 'ఫేస్ ప్యాక్' దించుకుని వైరస్‌తో మా కొట్టుకి రాకండి.

"ట్రైలర్‌లో ఉన్నది నా పీఎస్4లో లేదు"

ఉండదు. హైపర్‌మోషన్ పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్, ఫిఫా 23 నుంచి కంప్యూటర్లకే. పీఎస్4 డిస్క్ మీద అదే పేరు ఉన్నా లోపల ఉన్నది పాత ఆట. సెకండ్‌హ్యాండ్ డిస్క్ కొనేముందు ఇది తెలిస్తే డబ్బులు మిగులుతాయి.

"90వ నిమిషంలో గేమే మోసం చేస్తోంది"

ఓడినవాడి నోట వచ్చే మాట ఇది, ప్రపంచమంతా ఉంది. 2020లో కాలిఫోర్నియాలో దీని మీద కేసు కూడా వేశారు, 2021లో వేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. ఆట కష్టాన్ని తనంతట మార్చే పద్ధతిని తమ ఆటలో వాడడం లేదని కంపెనీ చెప్పింది. నా అనుభవంలో చివరి నిమిషాల్లో మోసం చేసేది మన నెట్టే. సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకునే వేళ పింగ్ (నెట్ జవాబివ్వడానికి పట్టే టైమ్, మిల్లీసెకన్లలో) ఒకసారి 40, మరోసారి 200 చూపిస్తుంది. నిలకడగా 90 ఉన్నా ఆడొచ్చు, ఎగిరిపడే పింగ్‌తో ఆడలేం. ఫోన్ హాట్‌స్పాట్ వాడేవాళ్లు వైఫై బదులు యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, ఇంట్లో మిగతా అప్‌డేట్లు ఆపండి. ఈఫుట్‌బాల్ అనే వేరే ఆట ఆడేవాళ్లకి ఇంకో మాట: అందులో ఇద్దరు ఆటగాళ్ల మధ్య నేరుగా కనెక్షన్ ఉంటుంది, కాబట్టి అవతలివాడి నెట్ బాగోకపోయినా మీకు తిప్పలే. సిగ్నల్ గీతలు చూసి మ్యాచ్‌కి ఒప్పుకోండి.

"కొత్త ఎడిషన్ అసలు తెరుచుకోదు"

ఎఫ్‌సి 26 కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగు) అడుగుతుంది. పాత పద్ధతిలో విండోస్ వేసిన మెషీన్లలో అది ఆన్ కాదు. డిస్క్‌ని పాత ఎంబీఆర్ అమరిక నుంచి కొత్త జీపీటీ అమరికకి మార్చి, బయోస్‌లో (మెషీన్ మూల సెట్టింగుల్లో) యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి పెట్టాలి. ముందు ఫోటోలు, సర్టిఫికెట్ల ఫైళ్లు వేరే చోట దాచుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి.

"కరెంటు పోయి వచ్చాక కెరీర్ తెరుచుకోవట్లేదు"

సేవ్ గుర్తు తిరుగుతున్నప్పుడు కరెంటు పోతే ఆ ఫైల్ సగంలో ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందంటే ఇన్వర్టర్ వెనక ఉన్న మీట చూడండి. అది మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు మారడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటుంది, ఫ్యాన్‌కి తెలియదు కానీ కంప్యూటర్ ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌కి మార్చండి. ఆటోసేవ్ ఒక్కదాన్నే నమ్మకుండా ప్రతి నెల ఆట అయ్యాక వేరే పేరుతో ఇంకో సేవ్ పెట్టుకోండి. ఫైల్ పాడైన తర్వాత క్లౌడ్‌లోది కావాలా, కంప్యూటర్‌లోది కావాలా అని అడిగితే కంగారుగా నొక్కేయకండి. రెండింటి పక్కనా టైమ్ ఉంటుంది. కరెంటు పోవడానికి ముందుదాన్ని ఎంచుకోండి.