ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో మార్కులు ఎక్కడ పోతున్నాయి: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవారు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్. దాని లిజనింగ్ (విని జవాబు రాసే) పేపరులో 4 భాగాలు, 40 ప్రశ్నలు ఉంటాయి. ఆడియో సుమారు 30 నిమిషాలు సాగుతుంది, ఒక్కసారే వినిపిస్తారు. అకడమిక్ (ఉన్నత చదువుల కోసం) రాసేవారికైనా, జనరల్ ట్రైనింగ్ (ఉద్యోగం, వలస కోసం) రాసేవారికైనా ఈ పేపరు తీరు ఒక్కటే. స్థూలంగా 23 సరైన జవాబులకు 6 బ్యాండ్ (9కి లెక్కించే స్కోరు), 30కి 7, 35కి 8 వస్తుంది. అంటే 6.5 దగ్గర నిలిచిపోయిన విద్యార్థికి, 7కు మధ్య ఉన్న దూరం మహా అయితే నాలుగు జవాబులు. ఆ నాలుగూ ఎందుకు పోతున్నాయో తెలుసుకోకుండా 'ఇంకా ఎక్కువ వినండి' అని సలహా చెప్పడం వల్ల విద్యార్థి సమయం వృథా కావడం తప్ప ప్రయోజనం ఉండదు.

అందుకే ముందుగా చేయవలసింది తప్పుల పరిశీలన. మాక్ టెస్ట్ రాశాక జవాబుల పట్టిక చూసి మార్కులు లెక్కపెట్టి ఊరుకోకండి. తప్పిన ప్రతి ప్రశ్న దగ్గరా ఆడియో మళ్లీ విని, ఆ తర్వాతే ట్రాన్‌స్క్రిప్ట్ (ఆడియోలోని మాటల రాతప్రతి) చూసి, ఆ మాట అసలు చెవికి అందలేదా, అందినా అదే జవాబని పోల్చుకోలేకపోయారా, పోల్చుకున్నా రాయడంలో పొరబడ్డారా అన్నది పక్కన రాసుకోండి. ఈ మూడింటికీ మందులు వేరు. కేంబ్రిడ్జి ప్రచురించే ప్రాక్టీసు పేపర్లలో ట్రాన్‌స్క్రిప్ట్ పుస్తకం చివరే ఉంటుంది, కానీ ఎక్కువమంది ఆ పేజీలు తెరవనే తెరవరు.

సమస్య: చదివితే తెలిసిన మాటలే, వింటే అందడం లేదు

తెలుగు మాధ్యమంలో చదివినవారినే కాదు, ఇంగ్లిష్ మీడియంలో చదివినవారినీ ఎక్కువగా వేధించేది ఇదే. ట్రాన్‌స్క్రిప్ట్ చూడగానే 'ఇది నాకు తెలిసిన వాక్యమే కదా' అనిపిస్తుంది.

కారణం: తెలుగులో రాసిన ప్రతి అక్షరాన్నీ పలుకుతాం, మాటను సాధారణంగా అచ్చుతో ముగిస్తాం. బస్, రోడ్, కార్ అన్న మాటలను కూడా బస్సు, రోడ్డు, కారు అని మార్చుకున్న చెవి మనది. ఇంగ్లిష్‌లో ముఖ్యమైన మాటను ఒత్తి పలికి, దాని చుట్టూ ఉన్న 'టు', 'ఆఫ్', 'ఫర్', 'అండ్', 'హ్యావ్' లాంటివాటిని నలిపేస్తారు. 'షుడ్ హ్యావ్ బిన్' అన్నది 'షుడవ్‌బిన్' అవుతుంది, 'పిక్ట్ ఇట్ అప్' అన్నది 'పిక్టిటప్' అన్న ఒకే ముద్దగా వస్తుంది. మాటల చివరి 'ఎస్', 'ఈడీ' శబ్దాలు తర్వాతి మాటలో కలిసిపోతాయి. దీనికి తోడు దక్షిణ ఇంగ్లండ్ యాసలో 'పార్క్'లోని రకారం దాదాపు వినపడదు, అమెరికన్ యాసలో 'వాటర్' కాస్తా 'వాడర్' అవుతుంది, ఆస్ట్రేలియన్ యాసలో 'టుడే' చెవికి 'టుడై'కి దగ్గరగా తగులుతుంది. ఈ పరీక్షలో ఇన్ని యాసలూ వస్తాయి. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో కోచింగ్ తీసుకుంటున్నవారు రోజంతా వినేది మాత్రం స్పష్టంగా, విడివిడిగా పలికే భారతీయ ఇంగ్లిష్.

పరిష్కారం: గంటల తరబడి వినడం కంటే కొద్దిగా విని రాయడం మేలు. 20 నుంచి 30 సెకన్ల ఆడియో ముక్క ఒకటి తీసుకుని, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వింటూ, ప్రతి మాటనూ కాగితం మీద పెట్టండి. తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్‌తో పోల్చి, మీరు వదిలేసిన మాటల కింద గీత గీయండి. వారం తిరిగేసరికి ఆ గీతల్లో ఒక తీరు కనిపిస్తుంది: కొందరికి ఎప్పుడూ చిన్న మాటలు పోతాయి, కొందరికి బహువచనపు 'ఎస్' పోతుంది, కొందరికి రెండు మాటలు కలిసే చోటు పోతుంది. ఆ తర్వాత అదే ముక్కను ఆడియోతో పాటు, అదే వేగంతో, పైకి పలకండి. నోటికి అలవాటైన కలయికను చెవి త్వరగా పట్టుకుంటుంది. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ పాఠాలకు, ఆస్ట్రేలియా ఏబీసీ రేడియో నేషనల్ కార్యక్రమాల్లో చాలావాటికి ట్రాన్‌స్క్రిప్ట్ ఉచితంగా దొరుకుతుంది. రోజూ 15 నిమిషాలు ఈ పని చేస్తే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని రెండు గంటల సినిమా చూసినదానికంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం. ఎందుకంటే సబ్‌టైటిల్స్ ఉన్నప్పుడు పని చేసేది కన్ను, చెవి కాదు.

సమస్య: మొదటి భాగంలోనే పేర్లు, నంబర్లు తప్పుతున్నాయి

మొదటి భాగం ఇద్దరి మధ్య రోజువారీ సంభాషణ: గది అద్దె, బుకింగ్, ఫిర్యాదు వంటివి. నాలుగు భాగాల్లోకీ సులువైనది ఇదే కాబట్టి ఇక్కడ పోయిన మార్కును నాలుగో భాగంలో రాబట్టుకోవడం కష్టం.

కారణాలు చాలా నిర్దిష్టమైనవి. 'థర్టీన్', 'థర్టీ' విషయంలో ఒత్తు ఎక్కడ పడిందో చూడమని చెబుతారు. అది నిజమే కానీ, తర్వాత నామవాచకం వచ్చినప్పుడు 'థర్టీన్'లో కూడా ఒత్తు ముందుకు జరుగుతుంది, అప్పుడు మిగిలే ప్రధాన ఆధారం చివరి 'న్'. మనం 'హెచ్' అనే అక్షరాన్ని వాళ్లు సాధారణంగా 'ఏచ్' అంటారు, తొందరలో దాన్ని 'ఏ' అనో, 8 అనో రాసేవారున్నారు. ఆస్ట్రేలియన్ నోట 'ఏ' అక్షరం 'ఐ'లా వినిపిస్తుంది. 'జెడ్'ను అమెరికన్లు 'జీ' అంటారు, తెలుగు చెవికి అదీ 'జీ' అక్షరమూ ఒకేలా తోస్తాయి. ఫోన్ నంబరులో సున్నాను 'ఓ' అంటారు, రెండు ఏడులను 'డబుల్ సెవెన్' అంటారు.

పరిష్కారం: స్నేహితుడితో పేర్లు, పోస్ట్‌కోడ్‌లు, నంబర్లు చెప్పించుకుని రాయడం రోజూ కొద్దిసేపు చేయండి. చెప్పేవారు మధ్యలో కావాలనే ఒక అంకె తప్పు చెప్పి 'సారీ' అని సవరించాలి, ఎందుకంటే పరీక్షలో ఇది తరచుగా వస్తుంది. మొదట విన్నది రాసి పెన్ను కింద పెట్టేవారికి ఆ సవరణ చేరదు. అవతలి వ్యక్తి 'ఓకే' అనో, 'రైట్' అనో ఒప్పుకునే వరకు ఆ జవాబు ఖరారు కాలేదనే భావించండి.

సమస్య: ఒక జవాబు జారిపోతే వెంటనే మరో మూడు కూడా పోతున్నాయి

వినికిడి బాగానే ఉన్నవారికి కూడా ఇది జరుగుతుంది. పోయిన మాటను గుర్తు చేసుకునే ప్రయత్నంలో ఉండగానే ఆడియో ముందుకు వెళ్లిపోతుంది. జవాబులు ప్రశ్నల వరుసలోనే వస్తాయన్న నియమం ఇక్కడ ఆదుకుంటుంది. చూపు ఎప్పుడూ ఒక ప్రశ్న మీద కాక రెండు ప్రశ్నల మీద ఉండాలి. 14వ జవాబు కోసం వింటూ ఉండగా 15వ ప్రశ్నకు సంబంధించిన మాట వినబడితే, 14 దాటిపోయిందని ఆ క్షణంలోనే ఒప్పుకుని ముందుకు సాగాలి. ప్రతి ప్రశ్నలోనూ వేరే మాటల్లో చెప్పడానికి వీలులేని పేరునో, సంవత్సరాన్నో, ఊరునో ముందే గుర్తు పెట్టుకుంటే, తప్పిపోయినప్పుడు దారి దొరుకుతుంది. దీనికి సాధన కూడా ఉంది: ఆడియోను మధ్యలో ఎక్కడో మొదలుపెట్టి, మీరు ఏ ప్రశ్న దగ్గర ఉన్నారో ఎంత త్వరగా పోల్చుకోగలరో చూసుకోండి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కాబట్టి ఖాళీగా మాత్రం ఏదీ వదలకండి.

సమస్య: మూడు ఆప్షన్లూ ఆడియోలో వినిపించాయి

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఇది యాదృచ్ఛికం కాదు, పేపరును తయారు చేసే పద్ధతే అది. ఉదాహరణకు తరగతి ఏ రోజు అన్నది ప్రశ్న అనుకుందాం. మాట్లాడే వ్యక్తి, మొదట బుధవారం పెడదామనుకున్నామని, శనివారమైతే ఎక్కువమంది వస్తారని కొందరు సూచించారని, అయితే హాలు ఖాళీగా దొరికేది శుక్రవారమే కాబట్టి అలాగే స్థిరపడ్డామని చెబుతాడు. మూడు రోజులూ వినబడ్డాయి, విన్న మాటను పట్టుకుని గుర్తు పెట్టినవారు బుధవారం దగ్గర ఆగిపోతారు.

పరిష్కారం: ఆప్షన్లకంటే ముందు ప్రశ్నను చదివి, దాన్ని మీ మాటల్లో ఒకసారి తెలుగులో చెప్పుకోండి. 'బట్', 'యాక్చువల్లీ', 'ఇన్‌స్టెడ్', 'ఇన్ ది ఎండ్' వంటి మాటల తర్వాతే తరచుగా అసలు సంగతి వస్తుంది. ఆప్షన్‌లోని మాట ఉన్నదున్నట్టు ఆడియోలో వినబడితే సంతోషించకుండా అనుమానించండి. సరైన ఆప్షన్ సాధారణంగా వేరే మాటల్లో వస్తుంది. 'చీప్' అని కాగితం మీద ఉంటే, 'ధర కూడా అందుబాటులోనే ఉంది' అన్న భావం ఆడియోలో ఉంటుంది. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో మాత్రం వ్యవహారం వేరు: ఖాళీ చుట్టూ ఉన్న వాక్యం మారుతుంది కానీ, రాయవలసిన మాటను ఆడియోలో విన్నది విన్నట్టే రాయాలి. ఈ తేడా తెలియక సొంత పర్యాయపదం రాసి మార్కు పోగొట్టుకునేవారు ఉన్నారు.

మూడో భాగంలో విద్యార్థులు, అధ్యాపకులు చర్చించుకునే చోట మర్యాద కూడా ఒక అడ్డంకి. 'అయామ్ నాట్ సో ష్యూర్' అంటే తెలియదని కాదు, చాలాసార్లు అది సున్నితమైన తిరస్కరణ. 'ఐ సపోజ్ సో' అంటే అయిష్టంగానైనా ఒప్పుకోవడం. ఇద్దరూ దేనికి అంగీకరించారని అడిగినప్పుడు మాటకంటే స్వరమే జవాబు చెబుతుంది.

సమస్య: మ్యాపులో దారి తప్పుతున్నారు

ఆడియో మొదలయ్యేలోపు ప్రవేశ ద్వారం, ఉత్తర దిక్కు చూసుకోకపోవడమే సాధారణంగా కారణం. మాట్లాడేవారు నిలబడిన చోట మీ పెన్సిల్ మొన ఉంచి, వారు చెప్పినట్టే కదిలించండి. 'ఆపోజిట్', 'జస్ట్ పాస్ట్', 'ఆన్ ది ఫార్ సైడ్' అన్న మాటల అర్థంలో తడుముకోకూడదు.

సమస్య: నాలుగో భాగానికి వచ్చేసరికి మనసు నిలవడం లేదు

ఇది ఒక్కరే ఇచ్చే విద్యా సంబంధమైన ఉపన్యాసం, మొదటి మూడు భాగాల్లోలాగా మధ్యలో విరామం ఉండదు. ముందు ఇచ్చే సమయంలోనే 10 ప్రశ్నలనూ చదివి, ప్రతి ఖాళీలో రావలసింది నామవాచకమా, విశేషణమా, అంకెనా అని తేల్చుకోవాలి. ఉపశీర్షికలను బాగా చదవండి, ఉపన్యాసకులు విషయం మార్చే చోట్లు అవే.

సమస్య: సరిగ్గానే విన్నారు, మార్కు రాలేదు

కారణం స్పెల్లింగ్, బహువచనం, పదాల పరిమితి. 'అకామడేషన్'లో రెండు 'సి'లు, రెండు 'ఎమ్'లు ఉంటాయి. 'ఎన్విరాన్‌మెంట్', 'గవర్నమెంట్' మాటల్లో 'ఎమ్'కు ముందున్న 'ఎన్'ను, 'వెన్స్‌డే'లో పలకని 'డి'ని మరిచిపోవడం సర్వసాధారణం. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ చెల్లుతాయి, అన్నీ పెద్ద అక్షరాల్లో రాసినా చెల్లుతుంది. ఒకే పదం రాయమన్నచోట ముందు 'ది' చేర్చితే జవాబు తప్పవుతుంది. ఖాళీకి ముందు 'ఎ' ఉంటే ఏకవచనం, తర్వాత 'ఆర్' అనే క్రియ ఉంటే బహువచనం అన్న సంగతి వినికిడి తడబడినప్పుడు కూడా మిమ్మల్ని కాపాడుతుంది.

కాగితంపై రాసే పరీక్ష ఉన్నచోట జవాబులు ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించడానికి 10 నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్‌పై రాసేవారికి సరిచూసుకోవడానికి 2 నిమిషాలే ఉంటాయి. కాగితం మీద సాధన చేసి కంప్యూటర్ పరీక్షకు వెళ్లేవారు, వింటూనే టైపు చేయడం కనీసం చివరి రెండు వారాలైనా అలవాటు చేసుకోవాలి.

సమస్య: ఇంట్లో 33 వస్తున్నాయి, పరీక్షలో 6.5 బ్యాండ్ దగ్గర ఆగుతోంది

ఇంట్లో ఆడియోను ఆపడం, పది సెకన్లు వెనక్కి జరపడం, పాత పేపరునే మళ్లీ రాయడం జరుగుతున్నాయేమో చూసుకోండి. విని రాసే సాధనలో ఆపడం అవసరమే కానీ, మాక్ టెస్ట్‌లో మాత్రం ఫోన్ దూరంగా పెట్టి, 40 ప్రశ్నలూ ఒకే బిగిన, వారానికి ఒకటి చొప్పున రాయడం సరిపోతుంది. పరీక్ష రోజున మొదట శబ్దం సరిచూసుకునే అవకాశం ఇస్తారు. హెడ్‌ఫోన్‌లో ఏ మాత్రం గరగర వచ్చినా, ఒక చెవికే వినిపించినా, మొహమాటపడకుండా అప్పుడే చెయ్యెత్తి చెప్పండి. ప్రశ్నలు మొదలయ్యాక మీ కోసం ఆడియోను వెనక్కి తిప్పరు.