చిత్త కార్తెకు ముందే మంద కుక్కల సంగతి చూసుకోండి

చిత్త కార్తె అక్టోబరు 10 ప్రాంతంలో వస్తుంది. ఆ రోజుల్లో కుక్కల గోల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ వెనకే దీపావళి టపాసులు, వరి కోతలు, కోసిన మడుల్లో గొర్రెల మందలు. సంక్రాంతి దాకా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మంద కుక్కకీ చుట్టుపక్కల వాళ్ల నిద్రకీ తగువే. కుక్క నోరు మూయించలేం, మూయిస్తే నష్టం మందకే. అనవసరపు మొరుగుడు తగ్గించుకోవాలి, అంతే.

మందని దారి పక్కన కట్టకండి, వచ్చేపోయే ప్రతి బండికీ కుక్క మొరుగుతుంది. తప్పకపోతే దారివైపు కొబ్బరాకుల తడిక కట్టండి. ఓ రాత్రి అక్కడే పడుకుని వినండి. నక్క వాసన తగిలితే ఒకే దిక్కుకు తిరిగి, మందకు అడ్డంగా పరిగెడుతూ మొరుగుతుంది. ఏమీ తోచక మొరిగేదైతే కూర్చున్న చోటే, ఒకే వరసన, గంటలకొద్దీ. ఈ రెండోది గొలుసు కుక్కల్లో ఎక్కువ. పగలంతా కట్టేసిన కుక్క రాత్రి గొంతుతోనే కాపలా కాస్తుంది మరి! అలా ఎప్పుడూ కట్టేసి, అసలు తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఈనిన గొర్రె మాయ, చచ్చిన పిల్ల మంద దగ్గర వదిలేయకుండా లోతుగా పాతిపెట్టండి. నక్కని మనమే పిలిచి కుక్కని తిడితే ఏం లాభం? చీకటి పడకముందే చోడి అంబలో గంజన్నమో కడుపునిండా పెట్టండి. ఆకలేస్తే ఊరి మీద పడుతుంది.

పశువైద్యుడితో మాట్లాడి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఇప్పుడే చేయించండి. దాంతో కాపలా బుద్ధి పోదు, తిరుగుడూ కొట్లాటలూ తగ్గుతాయి. రేబిస్ టీకా ఏటా తప్పదు. ఎవరినైనా కరిస్తే పుండుని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసరు, కారం పెట్టనివ్వకండి.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రంటే పది నుంచి ఆరు వరకు, ఇళ్ల మధ్య హద్దు 45 డెసిబెల్స్. కుక్కల పేరు అందులో విడిగా లేదు, కానీ ఫిర్యాదు వస్తే ‘మా కుక్క పని అదే’ అంటే చెల్లదు. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా ఉండొచ్చు. అంతదాకా ఎందుకు, మంద కట్టే ముందే పక్కవాళ్లకి చెప్పి ఫోన్ నంబరు ఇచ్చి రండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మళ్లలో ఎలుకల మందు పెట్టారేమో కూడా అడగండి. జింక్ ఫాస్ఫైడ్ ఎర తింటే కుక్క దక్కడం కష్టం.

ఉద్దానం వాళ్లకి ఇంకోటి. జీడితోటల్లోకి రాత్రి కుక్కని ఉసిగొల్పకండి. ఎలుగుబంటి తరిమితే కుక్క పరిగెత్తి వచ్చేది మీ కాళ్ల దగ్గరికే.