ర్యామ్ పెంచితే ప్రాసెసర్ స్కోరు పడిపోయింది

ఉన్న 16 జీబీకి ఇంకో రెండు స్టిక్కులు జతచేసి 32 చేశాను. ఫైళ్లను కుదించే 7-జిప్‌లో ఉండే బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) స్కోరు పెరగకపోగా బాగా కిందికొచ్చింది. 3డీ బొమ్మ గీయించి ప్రాసెసర్‌ని పరీక్షించే సినీబెంచ్‌లో మాత్రం పెద్ద తేడా లేదు. వేడి మామూలే, ప్రాసెసర్ క్లాక్ వేగమూ తగ్గట్లేదు. అంటే ప్రాసెసర్ బాగానే ఉంది, దానికి డేటా అందడమే ఆలస్యమవుతోంది. సినీబెంచ్ చాలావరకు క్యాష్‌తోనే, అంటే ప్రాసెసర్ లోపలుండే చిన్న మెమరీతోనే నెట్టుకొస్తుంది. 7-జిప్‌కి అలా కుదరదు, మెమరీ చురుగ్గా ఉండాలి.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే దొంగ దొరికాడు: స్పీడ్ 2133. కొత్త స్టిక్కులు చూడగానే బోర్డు ఎక్స్‌ఎంపీని (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో, నా దాంట్లో 3200తో, నడిపే ప్రొఫైల్‌ని) పక్కనపెట్టి డీడీఆర్4 రకం ర్యామ్‌ల డిఫాల్ట్ వేగానికి వెళ్లిపోయింది. బయోస్‌లో మళ్లీ ఆన్ చేస్తే 3200 దగ్గర అసలు బూటే కాలేదు. నాలుగు స్టిక్కులంటే మెమరీ కంట్రోలర్‌కి బరువే మరి. ప్రొఫైల్ అలాగే ఉంచి ఫ్రీక్వెన్సీ ఒక్కటే 2933కి దించాను. ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపినా ఒక్క ఎర్రర్ రాలేదు. స్కోరు దాదాపు పాతదగ్గరికి వచ్చేసింది. మిగిలిన ఆ కాస్త కోసం వోల్టేజీలతో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు.