మీడియం ఫార్మాట్ కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ కొనడం ఎలా?

నడి ఎండలో తీసిన వేపచెట్టు వెన్నెల్లో తడిసినట్టు తెల్లగా, పైన ఆకాశం నల్లగా. కంటికి కనిపించని పరారుణ కాంతిని పట్టే బ్లాక్ అండ్ వైట్ ఇన్‌ఫ్రారెడ్‌లో ఆ అందమే వేరు. ఫిల్మ్ దొరకడమే కష్టం.

ముందు చూడాల్సింది డబ్బా మీది పేరు కాదు, ఆ ఫిల్మ్ ఎన్ని నానోమీటర్ల (కాంతి తరంగదైర్ఘ్యానికి కొలత) దాకా చూడగలదో ఆ సంఖ్య. మన కంటి చూపు సుమారు 700 దగ్గర ఆగిపోతుంది. రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 దాదాపు 820 దాకా, ఇల్‌ఫోర్డ్ ఎస్ఎఫ్ఎక్స్ 200 దాదాపు 740 దాకా చూస్తాయి. రెండూ మీడియం ఫార్మాట్ కెమెరాలు వాడే 120 సైజు రోల్‌లో వస్తాయి. అందరూ వాడే ఆర్72 ఫిల్టర్ 720కి దిగువనున్న వెలుగును చాలావరకు ఆపేస్తుంది. అంటే ఎస్ఎఫ్ఎక్స్‌కి మిగిలేది సన్నని సందు మాత్రమే. ఆకులు తెల్లగా మెరవాలంటే నా ఓటు రోలైకే. పాత వ్యాసాల్లో ఊరించే ఎఫ్కే ఐఆర్820 కోసం వెతకొద్దు, దాన్ని తయారుచేసిన క్రొయేషియా కంపెనీ 2012లోనే ఉత్పత్తి ఆపేసింది.

ఫిల్మ్‌తోపాటే ఫిల్టర్ కూడా చూసుకోండి. లెన్స్ ముందు రాసి ఉన్న సైజు సరిపోవాలి. రెండు లెన్సుల యాషికా మ్యాట్ లాంటి కెమెరాలకి బే-1 అనే వేరే రకం బిగింపు ఉంటుంది.

ఇక కొనడం. మామూలు కెమెరా షాపుల్లో ఇది అరుదు, ఫిల్మ్ ప్రత్యేకంగా అమ్మే ఆన్‌లైన్ దుకాణాలే దిక్కు. డబ్బు కట్టేముందు మూడు అడగండి: ఇది 120 రోలేనా, గడువు ఎప్పటిదాకా, ఫ్రిజ్‌లో ఉంచారా? గడువు తీరిన ఇన్‌ఫ్రారెడ్ ఎంత చవకైనా వద్దు. ఒకసారి ఆశపడి మూడు రోల్స్ కొన్నాను. మూడూ బూడిద రంగు మసకతో వచ్చాయి, ఒక్క ఫ్రేమ్ కూడా దక్కలేదు. విదేశాల నుంచి తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ కలిపి లెక్కేసుకోండి.

అమెరికా నుంచో జర్మనీ నుంచో వచ్చే అన్నయ్యతో తెప్పించుకుంటే ఇంకా మేలు. కానీ చెక్-ఇన్ సామానులో పెట్టొద్దని గట్టిగా చెప్పండి. ఆ ఎక్స్‌రే ఫిల్మ్‌ని పాడుచేస్తుంది. చేతి సంచిలో, పారదర్శకమైన కవర్లో పెట్టుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగాలి. కొత్త సీటీ స్కానర్లు ఉన్నచోట ఇది తప్పనిసరి.

ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. వాడేరోజు బయటికి తీసి, రెండు మూడు గంటలాగి కవరు విప్పండి, లేకపోతే తేమ పడుతుంది. రోలైకి అడుగున ఉండే ప్లాస్టిక్ పారదర్శకం కాబట్టి అంచుల నుంచి వెలుగు లోపలికి పాకుతుంది. ఎండలో లోడ్ చేయొద్దు, గదిలో మసక వెలుతురు చాలు. కెమెరా వెనక ఫ్రేమ్ నంబరు చూపే ఎర్ర కిటికీ ఉంటే నల్ల టేపు అతికించి, ఫిల్మ్ తిప్పేటప్పుడే నీడలో ఆ టేపు తీసి చూడండి.

మొదటి రోల్ పరీక్షకే అనుకోండి. ఆర్72 పెట్టాక రోలై ఐఎస్ఓని (వెలుగుకు ఫిల్మ్ స్పందించే వేగం) 12గా లెక్కించండి. ట్రైపాడ్ మీద, నిండు ఎండలో, ఎఫ్/16 (లెన్స్ రంధ్రం సైజు) దగ్గర ఒకే దృశ్యాన్ని 1/8, 1/4, 1/2 సెకన్లతో మూడుసార్లు తీసి, ఏది ఏ ఫ్రేమో రాసి పెట్టుకోండి.