ముఖానికి ఆపరేషన్ అయ్యాక వచ్చే మొదటి వేసవి: మచ్చ ముదరకుండా జాగ్రత్తలు

బరంపురం మెడికల్ కాలేజీలోనో విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో ముఖానికి ప్లాస్టిక్ సర్జరీ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లు ఒడిశాలోని మా పర్లాకిమిడి, గునుపూర్, రాయగడ వైపు ఊళ్లలో ఉంటూనే ఉంటారు. బైక్ మీంచి పడినవాళ్లు, కాలినవాళ్లు, ఎలుగుబంటి మీద పడి గీరేసినవాళ్లు, నోటి కేన్సర్‌కి దవడ తీయించుకున్నవాళ్లు. కుట్లు విప్పిన రోజున ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. మచ్చ పని మాత్రం అప్పుడే మొదలవుతుంది.

ముఖం మీద కుట్లు మామూలుగా 5 నుంచి 7 రోజుల్లో తీసేస్తారు. అప్పటికి పైచర్మం అతుక్కుంటుంది గానీ లోపల బలం ఉండదు. మూడు నెలలకి కూడా పాత చర్మానికి ఉన్న బలంలో 80 శాతం దాకానే వస్తుంది. రెండు మూడు నెలలప్పుడు మచ్చ మునుపటికంటే ఎర్రగా, గట్టిగా, ఉబ్బుగా కనబడొచ్చు. ఆపరేషన్ చెడిపోయిందేమోనని టెన్షన్ పడకండి, చాలామందికి అలాగే అవుతుంది. ఏడాది, ఏడాదిన్నరకి మెత్తబడి రంగు తగ్గుతుంది. ఆ ఏడాదిలోపే ఒక వేసవి వచ్చి పడుతుంది కదా, ఈ జాగ్రత్తలన్నీ దాని గురించే.

కొత్త మచ్చ మీద ఎండ పడితే నల్లబడుతుంది. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్లకి ఆ నలుపు ఇంకా ఎక్కువ, పోవడానికి ఏళ్లు పట్టొచ్చు. తొడ నుంచి చర్మం తీసి అతికించినచోట మరీ త్వరగా నల్లబడుతుంది. అందుకే పది గంటల నుంచి నాలుగింటి దాకా వీలైనంతవరకు నీడపట్టునే ఉండండి. వెళ్లక తప్పకపోతే గొడుగు గానీ వెడల్పు అంచు టోపీ గానీ ఉండాలి. పల్చటి తువ్వాలు కప్పుకుంటే చాలదు, ఎండ దాని గుండా వచ్చేస్తుంది. దళసరి నేత, ముదురు రంగు గుడ్డ మేలు. గాయం పూర్తిగా మూసుకున్నాక, డాక్టర్ సరేనంటే, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ రాయండి. జింక్ ఆక్సైడ్ ఉన్నది లేత చర్మానికి పడుతుంది. రెండు వేళ్ల పొడవునా తీసుకుంటే ముఖానికీ మెడకీ సరిపోతుంది. చెమట పట్టేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

కొరాపుట్ కొండల మీద ఉండేవాళ్లకి ఒక మాట. గాలి చల్లగా ఉంది కదా, ఎండ ఏం చేస్తుందిలే అనుకోవద్దు. మచ్చని నల్లబరిచేది వేడి కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు. ఎత్తుకి వెళ్లేకొద్దీ అవి పెరుగుతాయి. గోపాలపురం బీచ్‌లో ఇసుక మీంచి తిరిగి ముఖానికే కొడతాయి.

ఇదే రోజుల్లో జీడి పని కూడా ఉంటుంది. జీడి పెంకులోని రసం మామూలు చర్మాన్నే బొబ్బలెక్కిస్తుంది, గింజలు కాల్చేటప్పుడు వచ్చే పొగ కూడా మంచిది కాదు. ముఖానికి ఆపరేషన్ అయినవాళ్లు ఈ ఏడాదికి గింజలు కాల్చడం, కొట్టడం ఇంకొకరికి అప్పగించండి. జీడి ముట్టుకున్న చేత్తో ముఖం తుడుచుకోవద్దు.

వేసవిలో పెళ్లిళ్లు కూడా ఉంటాయి. అందరితో పాటు నలుగు పెట్టించుకుంటే ఏమవుతుందని అడుగుతారు. పిండి రాపిడికి లేత మచ్చ రేగుతుంది, అంతవరకు వదిలి మిగతా ఒంటికి పెట్టండి. నుదుటి మీద మచ్చ ఉంటే స్టిక్కర్ బొట్టు దానికి తగలకుండా పెట్టుకోండి. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో పులివేషం మొక్కు ఉన్నా సరే, ముఖానికి రంగు ఈసారి వద్దు. అమ్మవారు ఆగుతుంది, మచ్చ ఆగదు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీముల దగ్గర మాత్రం నేను గట్టిగానే చెబుతాను. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రబడి, కొత్త జబ్బు పట్టుకుంటుంది. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్, నిమ్మరసం కూడా వద్దు. పనికొచ్చేది సిలికాన్ జెల్ లేదా షీట్. గాయం మూసుకున్నాక, సుమారు రెండు వారాలకి మొదలుపెట్టి రెండు మూడు నెలలైనా వాడాలి. షీట్ అయితే రోజుకి కనీసం 12 గంటలు. చెమటకి దాని కింద పొక్కులు లేస్తాయి కాబట్టి రోజూ తీసి సబ్బుతో కడిగి, చర్మం ఆరాకే మళ్లీ పెట్టండి. డాక్టర్ చెప్పిన రోజు నుంచి మచ్చని వేలితో నొక్కి గుండ్రంగా మర్దనా చేయండి, పూటకి ఐదు పది నిమిషాలు. అతికించిన చర్మం మీద తొందరపడకూడదు, దానికి ఎక్కువ రోజులు ఆగాలి. ఆ చర్మానికి జిడ్డు ఉండదు, పొడిబారి పగులుతుంది, వాసలిన్ రాస్తూ ఉండాలి. గడ్డం గీసుకునేవాళ్లు డాక్టర్ చెప్పేదాకా కుట్ల గీత మీద బ్లేడు పెట్టొద్దు.

పొగాకు మానాలి. చుట్ట, అడ్డపొగ (నిప్పున్న కొసని నోట్లో పెట్టి తాగడం), ఖైనీ, పళ్లకి రుద్దుకునే గుడాకు, ఏదైనా ఒకటే. నికోటిన్ సన్న రక్తనాళాల్ని బిగించేస్తుంది, అతికించిన చర్మానికి రక్తం అందక అంచులు నల్లబడి చచ్చిపోతాయి. గుడాకు పొగ కాదుగా అంటారు మా అమ్మమ్మలు, అందులో ఉన్నదీ పొగాకే.

పత్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పించేస్తారు, చీము పడుతుందని. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు పెట్టండి. చోడి (రాగి) అంబలి, జామకాయ, ఉసిరి కూడా మంచివే. షుగర్ ఉంటే అదుపులో ఉంచాలి.

పిల్లలకైతే ఇంకోటి. "అయ్యో, ముఖం ఇలా అయిపోయిందే" అని వాళ్ల ముందు అనే చుట్టాల్ని మీరే ఆపండి. బడికి వెళ్లేముందే టీచరుతో మాట్లాడండి.

మచ్చ గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పాకుతున్నా, దురద పెట్టి రోజురోజుకీ పెరుగుతున్నా అది కీలాయిడ్ కావచ్చు. తొలిరోజుల్లో ఇంజెక్షన్లతో అణచడం తేలిక, ఆలస్యం చేయకుండా చూపించండి. జ్వరం, చీము, అతికించిన చర్మం రంగు మారడం, పెదవి పైకి లాక్కుపోవడం, ముక్కు రంధ్రం మూసుకుపోతుండటం కనబడితే రివ్యూ తేదీ దాకా ఆగొద్దు. నిద్రలో కనురెప్ప పూర్తిగా మూసుకోకపోతే కన్ను ఎండి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, చూపే పోవచ్చు. ఆ రోజే డిశ్చార్జి కాగితం పట్టుకుని బయల్దేరండి.