లాయరును పెట్టుకోకుండా వీలునామాను కోర్టులో సవాలు చేయడం ఎలా?

పెద్దకర్మ అయి చుట్టాలు ఊళ్లకు బయల్దేరే వేళకు చాలా ఇళ్లలో వీలునామా బయటికొస్తుంది. ఇల్లూ పొలమూ ఒక్కరి పేరనే రాసి ఉంటుంది. "ఇది చెల్లదు" అని ఒకరంటారు, "రిజిస్టర్ అయిపోయింది, ఇంకేం చేయలేం" అని ఇంకొకరంటారు. కాగితం చూడకుండా ఈ రెండు మాటల్లో దేన్నీ నమ్మకండి.

సివిల్ కోర్టులో ఎవరి కేసు వాళ్లే నడుపుకోవచ్చు. దీన్ని పార్టీ ఇన్ పర్సన్ అంటారు. కింద చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఆస్తుల గురించి, ముఖ్యంగా హిందూ కుటుంబాల గురించి. ముస్లింలకు నియమం వేరు: అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాస్తే అది వారసుల సమ్మతి లేకుండా చెల్లదు.

ముందు ఒక కఠినమైన మాట. "నాకు అన్యాయం జరిగింది" అన్నది ఒక్కటే కోర్టులో కారణం కాదు. తన సొంత ఆస్తిని మనిషి తనకు నచ్చినవారికి రాసుకోవచ్చు, కన్నబిడ్డకు ఏమీ ఇవ్వకపోయినా సరే. మీ కేసు వేరే చోట నిలబడాలి.

మొదట: ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు

"అభ్యంతరం లేదు" అనే అఫిడవిట్లు, కుటుంబ ఒప్పందాలు, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చే స్టేట్‌మెంట్లు, అన్నీ ఆపండి. వీలునామా కింద మీకు రాసిన బంగారమో, కొంత డబ్బో ఉంటే అదీ ఇప్పుడే తీసుకోకండి. దాని కింద లాభం పొంది తర్వాత అదే వీలునామా చెల్లదంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం.

తర్వాత: వీలునామా నకలు సంపాదించండి

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు పేపరూ అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రిజిస్టర్ అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మూడో నంబరు పుస్తకంలో దాని నకలు ఉంటుంది. రాసిన మనిషి బతికుండగా దాన్ని బయటివాళ్లకు ఇవ్వరు. పోయాక డెత్ సర్టిఫికెట్ జతచేసి అడిగిన ఎవరికైనా ఇవ్వాలి. దాంతోపాటు ఆస్తికి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి, పొలమైతే అడంగల్ లేదా పహాణీ (సాగు రికార్డు), పాత పాస్‌బుక్కు నకళ్లు కూడా.

అసలు ప్రశ్న: అది ఆయన రాయగలిగిన ఆస్తేనా?

ఎక్కువమంది ఇక్కడ ఆగరు. సాక్షుల వెంటా సంతకాల వెంటా పరిగెడతారు. నా మట్టుకు నేను ముందు చూడమనేది ఆస్తి పుట్టుపూర్వోత్తరాలే.

స్వార్జితమైతే, అంటే తాను సంపాదించుకున్నదైతే, మొత్తం రాసుకునే హక్కు ఉంది. ఉమ్మడి పిత్రార్జితమైతే తండ్రి తన వాటాను మాత్రమే వీలునామాలో రాయగలడు. ఆరెకరాల పిత్రార్జిత పొలం ఉంది, తండ్రికి ఒక కొడుకు, ఒక కూతురు అనుకుందాం. ముగ్గురికీ రెండేసి ఎకరాలు. తండ్రి ఆరెకరాలూ కొడుక్కు రాసేసినా ఆ వీలునామా పనిచేసేది ఆయన రెండెకరాల మీదే. కూతురి రెండెకరాలు కదలవు. వీలునామా నూటికి నూరుపాళ్లూ నిజమైనదైనా కదలవు.

ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో ఈ వాటా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ వర్తించింది. ఆ రోజుకు తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారానో, కోర్టు డిక్రీ ద్వారానో పంపకాలు జరిగి ఉంటే వాటిని తిరగదోడలేం.

ఒక చిక్కు గుర్తుపెట్టుకోండి. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. తాత తన స్వార్జితాన్ని వదిలి, హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 తర్వాత పోతే, అది నాన్న చేతికి సాధారణంగా నాన్న సొంత ఆస్తిగానే వస్తుంది. అందుకే పొలం ఎవరు ఎప్పుడు కొన్నారో, ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చిందో తేదీలతో ఒక పట్టిక రాసుకోండి.

వీలునామా బలం దాని సాక్షుల్లో ఉంది

భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన మనిషి సంతకం పెట్టడాన్ని ఒక్కో సాక్షీ చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోటే విని ఉండాలి. సాక్షి తన సంతకం ఆయన ఎదుటే పెట్టాలి. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఉండాలన్న నియమం మాత్రం లేదు.

కోర్టులో వీలునామాను నిరూపించాల్సింది దాన్ని చూపించి ఆస్తి అడిగేవారే. సాక్షుల్లో ఒక్కరినైనా, బతికి ఉండి రాగలిగితే, బోనెక్కించాలి. రిజిస్టర్డ్ వీలునామాకూ ఇది తప్పదు. సాక్షులిద్దరూ పోయి ఉంటే ఒక సాక్షి చేతిరాతనూ, వీలునామా రాసిన మనిషి సంతకాన్నీ గుర్తుపట్టేవాళ్లను తేవాలి.

అనుమానాలుంటే వాటిని తొలగించే బరువు కూడా వాళ్లదే అని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాభం పొందేవాడే దగ్గరుండి రాయించడం, మంచాన పడ్డ మనిషి వణుకుతున్న సంతకం, ఎప్పుడూ సంతకం పెట్టే మనిషి వేలిముద్ర వేయడం, ఏళ్ల తర్వాత కాగితం బయటికి రావడం, ఇవన్నీ అనుమానాలే. కానీ బెదిరించి రాయించారనో, మోసంతో రాయించారనో మీరంటే ఆ నిరూపణ మీ మీద పడుతుంది. రుజువు లేని చోట ఆ మాట రాయకండి.

రుజువులు: ఆలస్యం చేస్తే పోతాయి

ఆసుపత్రి రికార్డుల కోసం వెంటనే రాతపూర్వకంగా అడగండి. డాక్టర్ల నిబంధనల ప్రకారం వాటిని కనీసం మూడేళ్లు ఉంచాలి, తర్వాత దొరక్కపోవచ్చు. మీకు ఇవ్వకపోతే దావాలో కోర్టు ద్వారా తెప్పించమని కోరవచ్చు. వీలునామా తేదీకి దగ్గర్లో ఆయన పెట్టిన సంతకాలు పెన్షన్ కాగితాల్లో, బ్యాంకు ఫారాల్లో ఉంటాయి. అవే నిపుణుల పోలికకు పనికొస్తాయి. దస్తావేజు లేఖరి, సాక్షులు ఎవరో, లాభం పొందినవారికి ఏమవుతారో తెలుసుకోండి. సాక్షుల దగ్గరికెళ్లి గొడవపడటం, డబ్బు ఆశ చూపడం వద్దేవద్దు.

ఆస్తి చేతులు మారకుండా

పొలమైతే మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) వద్దని తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మ్యుటేషన్ అయిపోయినా కంగారు పడకండి. దానివల్లే యాజమాన్యం రాదు, హక్కు తేల్చేది సివిల్ కోర్టే. దావాతో పాటే, కేసు తేలేదాకా ఆస్తి అమ్మకుండా ఆపమని తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేయండి.

దావా వేయడం

మన జిల్లాల్లో వీలునామాకు ప్రొబేట్ (అది నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెచ్చుకోవడం సాధారణంగా తప్పనిసరి కాదు. కాబట్టి వారసుడిగా మీ వాటా కోసం పార్టిషన్ (పంపకం) దావా వేయడమే చాలా కేసుల్లో సరైన దారి. అప్పుడు అవతలివాళ్లు వీలునామాను అడ్డుపెడతారు, నిరూపించే పనీ వాళ్లకే పడుతుంది. అలాగని ప్లెయింటులో (మీరు దాఖలు చేసే దావా పత్రంలో) వీలునామా సంగతి దాచకండి. దాని గురించి తెలిసిన తేదీతో సహా చెప్పి, ఎందుకు చెల్లదో రాయండి. వారసులందర్నీ, మీ పక్షాన ఉన్న అక్కచెల్లెళ్లను కూడా, పార్టీలుగా చేర్చండి. ఒక్కరిని వదిలినా దావా దెబ్బతింటుంది.

కోర్టు ఫీజు మీరు ఆస్తి అనుభవంలో ఉన్నారా, మిమ్మల్ని బయటికి నెట్టారా అన్నదాన్ని బట్టి మారుతుంది. నెట్టేస్తే మీ వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి. వీలునామా చెల్లదని కోర్టు ప్రకటించాలంటూ డిక్లరేషన్ కోరితే గడువు మూడేళ్లే. అందుకే పార్టిషన్‌కు ఎక్కువ కాలం ఉంటుందన్న ధీమాతో కూర్చోకుండా మూడేళ్లలోపే కదలండి. అవతలివాళ్లే ముందు దావా వేసి మీకు సమన్లు వస్తే 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా.

క్రాస్ ఎగ్జామినేషన్

అవతలి సాక్షిని మీరు ప్రశ్నించడమే క్రాస్. సొంతంగా నడిపేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సాక్షి తన వాంగ్మూలంగా ముందే రాసి ఇచ్చిన చీఫ్ అఫిడవిట్‌ను 63వ సెక్షన్ పక్కన పెట్టుకుని చదవండి. "ఆయన ఎదుటే నేను సంతకం పెట్టాను" అన్న మాట అందులో లేదనుకోండి, ఆ ప్రశ్న మీరు అడగొద్దు. అడిగితే "అవును, ఎదుటే పెట్టాను" అంటాడు, వాళ్ల లోటును మీరే పూడ్చినట్టవుతుంది. ఆ ఖాళీని వాదనల్లో చూపించండి. ఎవరు పిలిస్తే వచ్చాడు, ఎవరి బండిలో వచ్చాడు, కాగితం ముందే రాసి ఉందా, చదివి ఎవరు వినిపించారు, ఇలాంటి చిన్న ప్రశ్నలు అడగండి. జవాబు వచ్చాక వాదనకు దిగకండి.

ఫీజు భయంతోనే లాయరు వద్దనుకుంటే

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆస్తి కేసులు వేసే ఆడపిల్లల్లో చాలామందికి ఇది తెలియదు, తెలియాలి. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. దావా మీరే రాసుకున్నా క్రాస్ వరకైనా ఆ సాయం తీసుకోమంటాను.

మధ్యలో రాజీ కుదిరితే లోక్ అదాలత్‌కు పంపమని కోరండి, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. సర్వే నంబర్లు, హద్దులు, ఎవరికెంతో అవార్డులో (లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు పత్రంలో) స్పష్టంగా రాయించుకోండి. దాని మీద అప్పీలు ఉండదు.